పేరు పెట్టని గుర్రాలు

హంసకోనలో తెల్లవారింది. తూర్పు శిఖరాలు కెంపువన్నె పులుముకున్నాయి. పాలవాగు మీది పొగమంచు పొరలు పొరలుగా విడిపోతూ, ఒడ్డున విరగబూసిన మోదుగుల ఎరుపునూ కొండగోగుల పసుపునూ ఒక్కొక్కటిగా బయటపెడుతోంది. బండల మీద నెమళ్లు పురి విప్పాయి. జలపాతపు తుంపర మీద లేత ఎండ పడి హరివిల్లు ముక్కలు ముక్కలుగా మెరుస్తోంది. కొత్తగా వచ్చినవాడెవడైనా గంధర్వులు విడిది చేసే చోటు ఇదేననుకుంటాడు. ఆ ఒడ్డునే, ఆ మోదుగుల కిందనే, నడవలేని గుర్రాలు నిలబడి ఉన్నాయి.

ఒకదాని ముందుకాలు వెదురుబద్దల కట్టులో ఉంది. ఒకదాని డొక్క మీద తోలు లేదు, పసుపూ వేపనూనే మెత్తిన పచ్చిమాంసమే ఉంది. ఒకదానికి రెండు కళ్లూ పోయాయి. అది పక్కనున్న పిల్లగుర్రం వీపుకు ముట్టె ఆనించి, లోకాన్ని ఆ పిల్ల ఒంటి వెచ్చదనంతోనే తెలుసుకుంటోంది.

ఇవి పులులు చేసిన గాయాలు కావు. పులికి ఆకలి తీరితే వదిలేస్తుంది. మణిమంత రాజ్యాన్ని ఏలే ప్రసేన మహారాజు ఆకలి అంత తేలిగ్గా తీరేది కాదు. అడవి గుర్రాలు పూన్చిన ఇనుపరథమెక్కితే మబ్బుల మీద కూడా నీ ఏలుబడే సాగుతుందని ధూమకర్ణుడనే మాంత్రికుడు ఆయన చెవిలో ఊదాడు. ఆకాశంలో ఎవరిని ఏలుతారు ప్రభూ, కాకులనా అని అడిగే మొనగాడు ఆ కొలువులో ఒక్కడూ లేకపోయాడు. ఆనాటి నుంచి డప్పులతో, దివిటీలతో అడవి గుర్రాలను తరిమి, మొనదేలిన గుంజలు పాతిన గోతుల్లో పడేస్తున్నారు. ఒళ్లు దక్కినవాటిని కాడికి కడతారు. కాళ్లు విరిగినవాటిని బతికుండగానే లోయలోకి దొర్లిస్తారు. ఈ పనికి కొలువులో అశ్వసంగ్రహమని పేరు! వినడానికి ఎంత ముచ్చటగా ఉందో!

ధూమకర్ణుడికి గోతులతో పనేమిటని అనుమానం రావచ్చు. పేరున్న ప్రాణినైతే వాడు కూర్చున్నచోటి నుంచే రప్పించగలడు. హోమగుండం ముందు కూర్చుని పేరు పట్టి మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకు ఆ పేరుగల ప్రాణి నిప్పుల్లోంచైనా నడిచి వాడి కాళ్ల దగ్గరికి రావలసిందే. అడవి గుర్రాలకు పేర్లు లేవు. అందుకే ఆ గోతులూ, ఆ గుంజలూ.

లోయలో పడ్డవాటిని తాళ్లతో పైకి లాగి హంసకోనకు చేర్చేది కోనమ్మ. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మనిషి ధాన్యపు గాదెలా ఉంటుంది, గొంతు ఆ కొండ నుంచి ఈ కొండకు వినబడుతుంది. గాయపడిన గుర్రానికి మందు వేసే ముందు ఆమె దాని ముందు వీపు తిప్పి కూర్చునేది. అది భయం మాని, దానంతటదే వచ్చి ఆమె భుజం వాసన చూసేదాకా పొద్దంతా అలాగే కదలకుండా ఉండేది. ఆ తరువాతే గోనెపట్టీ, వేపాకు నీళ్లూ, ఉడికించిన ఉలవలూ. ఎన్ని చేసినా పేరు మాత్రం పెట్టేది కాదు. చింతకింది గుర్రం, బండపక్క గుర్రం, ఏటిగట్టు గుర్రం, అంతే. పేరు పెడితే గుర్రం తిరిగి అడవికి పోదని హంసకోనవాసుల ఆచారం. ధూమకర్ణుడు వచ్చాక ఆ ఆచారమే వాటికి కోటగోడ అయింది.

ఆమెకు చేదోడుగా ఉంటున్న ఉప్పుబేరగాడు సాంబయ్య నిజానికి సాంబయ్య కాడు, బేరగాడూ కాడు. మణిమంత యువరాజు హేమకేతుడు. వేటకు వెళ్లి దారితప్పి లోయ అంచుకు చేరి, కింద ఇంకా కదులుతున్న గుర్రాలను కళ్లారా చూశాడు. ఆ కోపంతోనే సభకు వచ్చి తండ్రిని నిలదీశాడు. మహారాజు తాంబూలం నములుతూ, "పనికిరానివి పారేస్తారు నాయనా, దానికింత రాద్ధాంతమా?" అని నవ్వాడు. సభ కూడా నవ్వింది. హేమకేతుడు ఆ నవ్వు ఆగకముందే బయటికి నడిచాడు. ఒంటికి బూడిద పూసుకుని, గడ్డం పెంచి, గాడిద మీద ఉప్పుమూటలు వేసుకుని హంసకోన చేరాడు. ఉప్పు నాకడానికి గుర్రాలే అతని చుట్టూ చేరాయి.

ఆనాటి ఉదయం కోనమ్మ వాగు మధ్యలో మోకాటిలోతు నీళ్లలో నిలబడి కేకేసింది.

"ఒరే సాంబయ్యా! ఆ పట్టీ ముడి విప్పు. మెల్లగా! పెళ్లికూతురి మేనా దించినట్టు దించాల!"

"అలాగే అత్తా."

దూలాలకు కట్టిన గోనెపట్టీలో వేలాడుతున్నది బూడిదవన్నె ఆడగుర్రం, ఏటిగట్టు గుర్రం. గుంజ దాని వెనుకతొడలో దిగి నరాల దాకా చీల్చింది. అది సామాన్యమైన గుర్రం కాదు. మందను నడిపేది అదే. జలపాతం పైనున్న ఉత్తరపు గట్టు మీద మంద అంతా దానికోసమే కాచుకుని ఉంది. గట్టు వెనుక గాలికనుమ ఉంది, కనుమ దాటితే రాజుగారి డప్పులు వినబడని పచ్చికబయళ్లు. నాయకురాలు లేనిదే మంద కనుమ దాటదు. దాటకపోతే రేపో మాపో గట్టును చుట్టుముట్టి మందనంతా గోతులకు తోలతారు. ఆ గుర్రం నడిస్తే అన్నీ బతుకుతాయి, నడవకపోతే అన్నీ పోతాయి.

పట్టీ వదులైంది. గుర్రం నాలుగు కాళ్లూ ఇసుకలో ఆనాయి. వెనుకకాలు వణికింది, వంగింది, మళ్లీ నిలిచింది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి. చల్లని వాగునీరు కాళ్ల చుట్టూ సుడులు తిరిగింది. పైన గట్టు మీద నుంచి మందలో ఒక గుర్రం సకిలించింది. బూడిదవన్నె గుర్రం తల ఎత్తి కోన మారుమోగేలా బదులు పలికింది.

"నడిసింది! నా తల్లే, నడిసింది!" కోనమ్మ నీళ్లు ఎగజిమ్ముతూ చప్పట్లు కొట్టింది. "అల్లుడా, నాకు కూతురు లేదు గాని, ఉంటే ఈ పూటే నీకిచ్చి చేసేదాన్ని!"

హేమకేతుడు నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే కోన ముఖద్వారం దగ్గర కొమ్ముబూర మోగింది.

అక్కడ రెండు బండల మధ్య కోనమ్మ రోజూ పచ్చి వేపమండలు కడుతుంది. అమ్మవారు పోసిన ఇంటికి కట్టే మండలవి. వాటిని ఆయుధంతో దాటితే దాటినవాడి ఇంటికే అమ్మవారు నడిచి వస్తుందని మణిమంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మండల అవతల బల్లేలూ తాళ్లూ పట్టుకున్న సైనికులు బారులు తీరారు. ముందు నల్లగుర్రం మీద దళపతి చండప్రతాపుడు, అతని భుజం మీద ఒక గోరింక.

"ఏయ్ ముసలీ! ఎవరికి పోసింది అమ్మవారు? గుర్రాలకా?"

"వచ్చి చూడు," అంది కోనమ్మ.

దళపతి గుర్రాన్ని అదిలించబోయాడు. వెనుకనున్న సైనికులు అప్పటికే రెండడుగులు వెనక్కి వేశారు. అతను కూడా కళ్లెం బిగబట్టి, గొంతు సవరించుకుని, తానే ఆగిపోదలుచుకున్నట్టు ఆగాడు.

"ఇవి రాజుగారి గుర్రాలు. అప్పగించు."

కోనమ్మ చీర కొంగు నడుముకు చుట్టింది.

"రాజుగారివా? యాడ పుట్టినయో తెలుసునా మీ రాజుకి? గడ్డి కోసేసినాడా? తొలివాన్లో సలికి వణుకుతుంటే గొంగడి కప్పినాడా? కాలిరగ్గొట్టి లోయలో దొర్లించినప్పుడు ఎవురివిరా ఇవి? అప్పుడు దిక్కూ మొక్కూ లేనివి. పుండ్లు కడిగి, గంజి పోసి, నేను నిలబెట్టినాక రాజుగారివయినాయా? మీకు సిగ్గు లేదు సరే, మీసాలైనా ఉన్నయ్ గదరా!"

సైనికుల్లో ఒకడు మీసం తడుముకున్నాడు. హేమకేతుడు తల వంచుకుని గుర్రం మెడ నిమురుతున్నాడు. ఆమె తిట్టే ప్రతి మాటా తన ఇంటి గడప మీదే పడుతోంది. పడాలి, ఇంకా పడాలి అనిపించింది అతనికి. ఇంతకాలం ఈ మాటలు సభలో ఒక్క నోటి నుంచైనా రానందుకు ఒళ్లు మండిపోయింది.

చండప్రతాపుడు మాత్రం నింపాదిగా నవ్వాడు.

"అరుచుకో. మేము లోపలికి రానక్కరలేదు. మాకు కావలసిన ఆ బూడిదవన్నెది తానే నడిచి వస్తుంది. చెప్పవే గోరింకా."

గోరింక మెడ సాచింది. "తారావళీ! తారావళీ!" అంది.

గుర్రం మెడ నిమురుతున్న హేమకేతుడి చెయ్యి ఆగిపోయింది. అది తన గొంతే. ఆ పిట్ట అచ్చంగా తన గొంతుతోనే పలికింది.

గుర్రాన్ని తెచ్చిన కొత్తలో అది జ్వరంతో కాలిపోతూ, పట్టీలో తల వేలాడేసి, ఇక చావుకు సిద్ధపడింది. కోనమ్మ మూలికల కోసం కొండెక్కింది. రాచనగరి అశ్వశాలలో ప్రతి గుర్రానికీ పేరుంటుంది, పేరు లేకుండా చచ్చిన గుర్రానికి తిలోదకాలుండవు. ఆ రివాజు హేమకేతుడి నెత్తురులో ఉంది. ఈ ప్రాణి అలా దిక్కులేకుండా పోకూడదని, చెవి దగ్గర వంగి తారావళీ అని పిలిచాడు. చనిపోతుందనుకున్నది బతికింది. పట్టీ కట్టిన దూలం మీద గోరింక ఒకటి కూర్చుని ఉందని చూశాడు గాని, పిట్టే కదా అనుకున్నాడు.

పడమటి గుట్టల వెనుక నుంచి నల్లని పొగ ఒకటి స్తంభంలా లేచింది. ఆ పొగలోంచి, భూమి అడుగున ఎవరో మాట్లాడినట్టు ఒక గొంతు వచ్చింది.

"తారావళీ!"

ఆడగుర్రం చెవులు నిక్కించింది. దాని కళ్లలోని వెలుగు పోయింది. గట్టు మీద మంద సకిలిస్తున్నా అటు చూడకుండా, పడమటివైపు మొగం తిప్పి వాగులోంచి బయటికి నడిచింది. పడమటన ముఖద్వారం, దాని అవతల గుంజలు పాతిన గోతుల మెరక, దాని అవతల రథ మైదానం. పిలుపు విన్న ప్రాణి దారి చూసుకోదు. తిన్నగా పోతుంది.

"ఎవుడు పెట్టినాడు దీనికి పేరు?" కోనమ్మ గుర్రం మెడను రెండు చేతులా వాటేసుకుంది. ఆమెంత మనిషిని కూడా అది ఇసుకలో ఈడ్చుకుపోతోంది. "ఎవుడా పని చేసింది?"

"నేనే అత్తా."

ఆమె ఒక చెయ్యి వదిలి అతని చెంప మీద ఫెడీల్మని కొట్టింది. బూడిద రేగింది.

"సచ్చినోడా! ఎన్నిసార్లు జెప్పినా నీకు?"

"చనిపోతుందనుకున్నాను."

"సావనియ్యకూడదని గదరా మనం ఈడుండేది!"

రెండో పిలుపు వచ్చింది. గుర్రం ఒక్క ఊపున ముందుకు దూకింది. మానుతున్న గాయం మళ్లీ చీలి నెత్తురు చిమ్మింది. హేమకేతుడు దాని ఛాతీకి భుజం అడ్డం పెట్టి కాళ్లు ఇసుకలో తన్నిపట్టాడు. మడమలు రెండు చాళ్లు గీసుకుంటూ వెనక్కి జారాయి. ముఖద్వారం దగ్గర సైనికులు ఉచ్చులు విప్పి సిద్ధంగా నిలుచున్నారు. దళపతి మీసం మెలేస్తూ వినోదం చూస్తున్నాడు.

"ఇంకొక్క పిలుపే ఉండాది," కోనమ్మ రొప్పుతూ అంది. "ఇను. ఆ పేరుకి ఇంకెవురన్నా అడ్డమొచ్చి పలికితే, కట్టు పలికినోళ్ల మీదికి పోతాది. గుర్రం బయటపడతాది. నువ్వు దీని మెడొదలబాక. నేను పలుకుతా."

"వాడు నిన్ను కాడికి కడతాడు!"

"కట్టనీ. నా బరువుకి వాడి రథం ఇరిగిపోతాది."

"నువ్వు పోతే ఇక్కడున్నవాటి పుండ్లు ఎవరు కడుగుతారు? ఆ గుడ్డిదానికి గంజి ఎవరు పోస్తారు? తప్పు చేసింది నేను. నేను పలుకుతాను."

"నీకేం దెలుసురా కుర్రకుంకా, పక్కకి జరుగు!"

పొగ మళ్లీ లేచింది. కోనమ్మ నోరు తెరిచింది. హేమకేతుడు అరచేత్తో ఆమె నోరు మూశాడు. ఆమె ఊరుకుంటుందా, చేతిని కసిక్కిన కొరికింది. అతను వదల్లేదు.

"తారావళీ!"

"ఓయ్!" అన్నాడు హేమకేతుడు. "వస్తున్నా!"

ఆడగుర్రం నిద్రలేచినట్టు తల విదిలించుకుంది. ఒక్క క్షణం హేమకేతుడి భుజం వాసన చూసింది. తరువాత గిర్రున వెనుదిరిగి, కుంటుతూనే వాగు దాటి, జలపాతం పక్కనున్న కాలిబాట పట్టి ఎక్కసాగింది. తాళ్లు పట్టుకున్న సైనికులు వేపమండల ఇవతలకు అడుగుపెట్టలేక, బల్లెం విసిరితే అందక, నోళ్లు తెరుచుకుని చూస్తుండిపోయారు. గట్టు మీద మంద దానికి దారి ఇచ్చింది. అది ముందు నిలిచింది. గిట్టల చప్పుడు కొండంతా నిండి, గాలికనుమ వైపు మెల్లమెల్లగా తగ్గుతూ పోయింది.

హేమకేతుడికి దాన్ని తనివితీరా చూసే వీలు కూడా చిక్కలేదు. కాళ్లు అతనివి కాకుండా పోయాయి. అవి పడమటివైపు తిరిగి నడక మొదలుపెట్టాయి. కోనమ్మ పరుగెత్తుకొచ్చి నడుము పట్టి వెనక్కి లాగింది. లోయలోంచి గుర్రాలనే పైకి లాగిన ఆమెను కూడా ఆ కాళ్లు ఈడ్చుకుపోయాయి.

"ఆగరా నాయనా, ఆగు!" ఆమె గొంతులో ఇప్పుడు తిట్టు లేదు.

"ఆగలేను అత్తా. నువ్వు వదిలెయ్. మండలు దాటితే నిన్ను పట్టుకుంటారు. ఇంకొక మాట. నువ్వు తిట్టిన రాజు ఉన్నాడే, నేను ఆయన కొడుకుని."

కోనమ్మ పట్టు సడలింది. ఆమె మొగంలో కోపం, దిగులు, మళ్లీ కోపం వరసగా కదిలాయి.

"ఏ కొంపలో పుడితే నాకేందిరా?" అని అరిచింది. "తిరిగి రా! నీకింకో చెంప మిగిలుండాది!"

అతను వేపమండలు దాటాడు. సైనికులు చప్పున పక్కకు తొలగారు. గుర్రానికి బదులు బూడిద పూసుకున్న ఉప్పుబేరగాడొకడు, నిద్రలో నడిచేవాడిలా తమ మధ్యగా పోతుంటే చండప్రతాపుడికి ఏం చేయాలో తోచలేదు. ఆపాలో సాగనివ్వాలో తెలియక గుర్రాన్ని మెల్లగా వెంట నడిపించాడు.

కాళ్లు తిన్నగా గోతుల మెరక ఎక్కాయి. వంకర దారి వాటికి తెలియదు. మొదటి గోతి అంచున హేమకేతుడు ఒంట్లో బలమంతా కూడదీసుకుని ఎగిరి అవతలకు దూకాడు. రెండో గోతిలోకి జారి, గుంజల సందున ఒళ్లు ఒరుసుకుపోతూ పాక్కుంటూ పైకి వచ్చాడు. ఆ గుంజల మొనలకు ఎండిన నెత్తురూ, జూలు వెంట్రుకలూ అంటుకుని ఉన్నాయి. ఒక గోతిలో చిన్న గిట్ట ఒకటి కనిపించింది, ఇంకా పాలు మరవని పిల్లది. రాజ్యమంటే ఇదా? ఈ గోతులు తవ్వినవాళ్లకు కూలి ఇచ్చింది తన తండ్రి బొక్కసమే కదా! కట్టుబడ్డ కాళ్లు ఈడ్చుకుపోతున్నాయి గాని, అవి ఈడ్చకపోయినా ఆ క్షణాన అతను ఆ దారినే పరుగెత్తి ఉండేవాడు.

మెరక దిగగానే రథ మైదానం. నడుమ కొండంత ఇనుపరథం, చక్రాలకు పాములు చెక్కిన ఆకులు, పైన ముత్యాల గొడుగు. ముందు హోమగుండం దగ్గర ధూమకర్ణుడు, చెవుల్లోంచి సన్నని పొగ చిమ్ముకుంటూ కూర్చుని ఉన్నాడు. రథం నొగల మీద జరీ దుస్తుల్లో ప్రసేన మహారాజు, చేతిలో వెండిపిడి కొరడా. ఇంతదాకా కాడికి కట్టిన ఏ గుర్రమూ కదపలేని రథానికి మందనే నడిపే గుర్రం ఈ పూట వస్తుందని తెల్లవారకముందే ముస్తాబై కూర్చున్నాడు.

హేమకేతుడి కాళ్లు కాడి కిందికి వెళ్లి ఆగాయి. మెడ దానంతటదే వంగింది. కాడి భుజాల మీద పడి కడియాలు బిగుసుకున్నాయి.

"ఏమిటిది?" మహారాజు మండిపడ్డాడు. "గుర్రమేది?"

"ఈ ఉప్పుబేరగాడు అడ్డమొచ్చి పలికాడు ప్రభూ," అన్నాడు చండప్రతాపుడు నేల చూపులు చూస్తూ. "గుర్రం కనుమ దాటిపోయింది. మంద కూడా పోయింది."

"ఉప్పు అమ్ముకునే వెధవకు నా రథానికే అడ్డమొచ్చేంత పొగరా!"

కొరడా గాలిలో ఈలవేసి హేమకేతుడి వీపు మీద పడింది. ఒంటి బూడిద చిట్లి, దాని కింద ఎర్రని చార తేలింది. ఇనుపచక్రం కిర్రుమని అంగుళం కదిలింది. ధూమకర్ణుడు ఎగిరి లేచాడు.

"కదిలింది మహారాజా! గుర్రాలు అక్కరలేదు. ఇతని నెత్తురులో ఏదో ఉంది. ఇంకొక్క దెబ్బ! రథం నేల విడుస్తుంది!"

మహారాజు కళ్లు మెరిశాయి. కొరడా మళ్లీ లేచింది. హేమకేతుడు కాడి కింద నుంచే తల తిప్పాడు. కాళ్లూ మెడా మాంత్రికుడివైనా నాలుక మాత్రం ఇంకా అతనిదే.

"నాన్నగారూ," అన్నాడు.

చండప్రతాపుడి చేతిలోంచి కళ్లెం జారిపోయింది. మహారాజు వంగి, చెమటకు బూడిద కరిగి కారుతున్న ఆ మొగాన్ని చూశాడు.

"నన్ను చూసి ఆగకండి. వాటిలో దేనికైనా ఆగారా? ఒక్కదాని మొగమైనా చూశారా? పిల్లగుర్రాలు కూడా ఉన్నాయి ఆ గోతుల్లో. ఇప్పుడు చూడండి, బాగా చూసి కొట్టండి!"

"కొట్టు మహారాజా," అన్నాడు ధూమకర్ణుడు మెత్తగా. "ఒక్క దెబ్బ. మబ్బుల మీద నీ జెండా."

మహారాజు రథం వైపు చూశాడు, మబ్బుల వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. కొరడా మాత్రం దించలేదు.